భాగం తొమ్మిది

మొదటి రోజు

ఈ చిట్టా నా సొంతానికి. ఆఫీసు చిట్టా వేరే ఉంది. నోటితో చెబితే దానంతట అదే రాసుకుంటుంది, పైవాళ్లు వింటారు. చేత్తో రాసింది ఎవరూ వినరు కాబట్టి ఇది చేత్తో రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. కొండమేడ ఇరవై రెండో అంతస్తుకి మంచాల ఫిట్టర్ని. పిరికిదాన్ని. ఆ ముక్క ముందే రాసేస్తే తర్వాత సిగ్గుపడే పని ఉండదు.

ఈరోజు నలభై అరల్లోనూ కొత్త పెట్టెలు బిగించాం. మేం ఇంటిని అర అంటాం, అంతే ఉంటుంది కాబట్టి. మంచం, బల్ల, బీరువా అన్నీ మోటార్ల మీద గోడలోకి వెళ్లి వస్తుంటాయి. మంచం కింద ఉండే పెట్టె వాటిని నడుపుతుంది. పాత పెట్టెకి ఒక్కో మోటారు గురించీ నేనే చెప్పాల్సి వచ్చేది. ఇది తలాపు ఎత్తేది, ఇంత సాగుతుంది, ఇంత మోస్తుంది, ఇక్కడ ఆగాలి అని. కొత్తదానికి ఏమీ చెప్పక్కర్లేదు. మోటారుని దగ్గరికి తీసుకెళ్తే చాలు, దాని మీదున్న పేరు చిప్పు చదివి, దాని బరువెంతో చూసుకుని, తనే లెక్కలోకి తీసుకుంటుంది. ఇరవై ఏళ్లుగా అంకెలు ఎక్కించి కళ్లు పోగొట్టుకున్నదాన్ని, నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంకో సంతోషం. రోజూ ఉదయం ఆరుకి మడత. మా మంచాలు గోడలోంచి అవతలి నడవా అరల్లోకి వెళ్తాయి, అక్కడ రాత్రి పనికి వెళ్లొచ్చినవాళ్లు పగలు వాటి మీద పడుకుంటారు. ఇన్నాళ్లూ మడతకి ముందు నేను నడవాలో మీట కిందికి నొక్కి పట్టుకునేదాన్ని. మీట కిందికి ఉన్నంతసేపు ఏ మంచమూ కదలదు. అరకొకరు గుమ్మంలోకి వచ్చి "లెగిసాం!" అని కేకేసేవారు. నలభై కేకలూ విన్నాకే మీట వదిలేదాన్ని. ఇక ఆ తతంగం అక్కర్లేదట. మంచం మీద మనిషి బరువు ఉంటే పెట్టె తనే ఆగుతుందట. మా సూపర్‌వైజరు దాలినాయుడు గారు ఆ సంగతి చెప్పినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

రెండో రోజు

అప్పని నవ్వించింది పెట్టె. అప్ప అంటే మా అక్క పైడితల్లి. ఇద్దరం ఒకే అరలో ఉంటాం. ఆమె పంపుహౌసులో పని చేస్తుంది, రోజుకి అరవై మెట్ల నిచ్చెన పది సార్లు ఎక్కి దిగే పని. ఆరేళ్ల కిందట పైపు మీద పడి ఎడమ మోకాలు పోయింది. ఆసుపత్రి ఇచ్చిన మోకాలి చట్రం రెండేళ్లకే చచ్చింది, చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. అప్పుడు నేను పాత మంచం నుంచి తలాపు మోటారు ఒకటి ఊడదీసి ఆ చట్రానికి బిగించాను. పేరు చిప్పు తీస్తే మోటారు తిరగదు, అందుకని దాన్ని అలాగే ఉంచేశాను. ఇలాంటి పనులు చేయని ఫిట్టరు కొండమేడలో ఉండడు. బయటికి చెప్పే ఫిట్టరూ ఉండడు. మోటారు కొండమేడ సొత్తు, ఒంటికి బిగించుకోవడం దొంగతనం కింద లెక్క.

సాయంత్రం అప్ప మంచం మీద వాలి తలాపు మీట నొక్కింది. తలాపు లేవడంతోపాటు ఆమె ఎడమ మోకాలు కూడా లేచింది. దించితే దిగింది.

"ఏటే నూకా, నా కాలికి మంచం మీద మనసైనట్టుంది" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడు పెట్టెలోంచి ఆడగొంతు మర్యాదగా పలికింది.

"కొత్త భాగం గుర్తించబడింది. తలాపు మోటారు. భాగం తొమ్మిది."

మా మంచానికి ఉన్న భాగాలు ఎనిమిదే. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మూడో రోజు

పెట్టె తెర తెరిచి చూశాను. భాగం తొమ్మిది, తలాపు మోటారు, బరువు యాభై ఏడు కిలోలు. ఏ తలాపు మోటారు అయినా రెండు కిలోలు దాటదు. యాభై ఏడు మా అప్ప బరువు, మోకాలితో కలిపి. గుర్తుపట్టినప్పుడు మంచం మీద కొత్తగా ఎంత బరువు కనిపిస్తే అంతా ఆ భాగానిదే అనుకుంది.

నాకు వెంటనే అర్థమైంది, కానీ నమ్మలేదు. అప్పని మంచం మీద పడుకోమని తెర చూశాను. మనిషి బరువు: సున్నా. నేను పడుకుంటే అరవై మూడు. మళ్లీ అప్పని పడుకోబెట్టి, ఒక చేత్తో ఆమె రెక్క పట్టుకుని, రెండో చేత్తో పెట్టె మీదున్న మడత బొత్తాం అర సెకను నొక్కాను. మంచం లేచింది. గోడలో ఖాళీ జానెడు ఉంటుంది. అందులో పరుపు పడుతుంది, మనిషి పట్టదు.

అప్పని కిందికి లాగేశాను.

"భాగాన్ని తీసీమని సెప్పు" అంది అప్ప.

తీయడానికి నా దగ్గర తాళం లేదు. కొత్త పెట్టెలో భాగాన్ని చెరపాలంటే పై ఆఫీసు చెరపాలి. వాళ్లకి భాగం ఫోటో పంపాలి. ఫోటోలో మా అప్ప కాలు కనిపిస్తుంది. మోటారు ఊడదీసుకుపోతారు, నా లైసెన్సు పోతుంది, అది సరే. మోకాలు లేకపోతే అప్పకి నిచ్చెన లేదు, పని లేదు. పని లేనివాళ్లని కింది అరలకి దించేస్తారు. పోటు వచ్చినప్పుడు అక్కడ నీళ్లు నడుంలోతు నిలబడతాయి. మా అమ్మానాన్నలు పోయింది అక్కడే.

"చెప్పొద్దు" అన్నాను. ఆమెకి కాదు, నాకే చెప్పుకున్నాను.

నాలుగో రోజు

అప్పని నేల మీద పడుకోమన్నాను. తెలివి చూపించాననుకున్నాను. ఉదయం ఆరుకి మంచం కదల్లేదు.

"భాగం తొమ్మిది లేదు. దయచేసి భాగం తొమ్మిదిని అమర్చండి."

ప్రతి నిమిషానికీ అదే మాట. నిన్న అడగలేదు, కొత్త భాగాన్ని మడత లెక్కలోకి ఎక్కించడానికి దానికి ఒక రోజు పడుతుందట. అప్ప చాప మీద కూర్చుని దానికేసి చూస్తూ ఉండిపోయింది. ఇంతలో గోడ అవతల నుంచి డబడబా కొట్టారు. అవతల మా మంచం పంచుకునేది ఒకావిడ. గోడ వదిన అంటాం. ముఖాలు ఎప్పుడూ చూసుకోలేదు. మేం మంచం మీద ఎండు నెత్తళ్ల చేపల పొట్లం పెడితే, సాయంత్రం ఆవిడ దగ్గర నుంచి చక్కగా మడిచిన దుప్పటి, ఒక్కోసారి రెండు నిమ్మకాయలు వస్తాయి. రాత్రంతా పని చేసొచ్చిన మనిషి, మంచం లేక గోడ కొడుతోంది.

చివరికి బరువే కదా కావాలనుకుని, పంపుహౌసు నుంచి ఉప్పు బస్తాలు తెచ్చాం. కాటా పెట్టి సరిగ్గా యాభై ఏడు కిలోలు చేసి మంచం మీద పలచగా పరిచాం. అప్పని పక్కనే నిలబెట్టాను, మోకాలి చిప్పు పెట్టెకి అందాలని. మంచం బుద్ధిగా మడత పడి వెళ్లింది.

సాయంత్రం మంచం తిరిగి వచ్చేసరికి బస్తాల మీద చీటీ ఉంది. "వదినా, నీకేటైనా అయిందా? ఉప్పెందుకు పంపినావు? నడుం ఇరిగిపోనాది మోసి దించీసరికి. ఏడుపొత్తే సెప్పు, ఇంటాను."

అప్ప ఆ చీటీ రెండుసార్లు చదివి కళ్లు తుడుచుకుంది. నేను జవాబు రాయలేదు. రాసింది ఎవరి చేతిలో పడుతుందోనని భయం.

తొమ్మిదో రోజు

ఐదు రోజులు ఉప్పు మోశాం. వెన్ను పోయింది గానీ గుండె కుదుటపడింది. పంపుహౌసులో ఉప్పు తగ్గిపోతోందని గొడవ జరుగుతోందట. మేం తెచ్చింది రెండు బస్తాలే, గొడవ ఇరవై బస్తాల గురించి. నాకేం పట్టిందని వదిలేశాను. అప్పుడే ఆలోచించి ఉండాల్సింది.

ఈ ఉదయం బస్తాలు పేర్చాం. పెట్టె మామూలుగా కంటే ఎక్కువసేపు ఊరుకుంది. తర్వాత అదే మర్యాదతో అంది:

"ఇది భాగం తొమ్మిది కాదు."

అప్ప నా చెయ్యి పట్టుకుంది. నేను తెర తెరిచాను. బరువు పక్కన కొత్త అంకెలు పుట్టుకొచ్చాయి. వేడి, ముప్పై ఏడు డిగ్రీలు. కదలిక, నిమిషానికి పదహారు సార్లు. కాసేపటి వరకూ ఆ పదహారు ఏమిటో తెలియలేదు. తర్వాత అప్ప రొమ్ము లేచి దిగడం చూశాను. ఊపిరి లెక్కపెట్టుకుంది. ఇన్ని రోజులుగా అప్ప దాని మీద వాలినప్పుడల్లా, సాయంత్రం కాసేపు నడుం వాల్చినా సరే, పక్కనే ఉండి నేర్చుకుంటూనే ఉంది. దాని పనే అది, భాగాన్ని బాగా గుర్తుపట్టడం.

దానికి కావలసింది ఉప్పు కాదు, మోకాలు కాదు. ఊపిరి తీస్తున్న మా అప్ప కావాలి. అప్ప వచ్చి పడుకుంటే మడుస్తుంది.

గోడ వదిన ఈరోజు గోడ కొట్టలేదు. నేల మీదే పడుకుందేమో.

పదో రోజు

రెండు రోజులు వరసగా మడత ఆగితే పెట్టె తనే పై ఆఫీసుకి కబురు పంపుతుంది. ఈరోజుతో రెండు. అందుకని అప్ప పొద్దున్నే నాకు చెప్పకుండా ఎక్కి పడుకుంది.

"అది సిద్ధం అన్నాక దూకీత్తాను. ఎంతసేపు?"

"అప్పా, దిగు. నీకు దండం పెడతాను, దిగు."

"నువ్వు ఊరుకో. నిచ్చెన మీంచి దూకినదాన్ని, మంచం మీంచి దూకనేటి?"

"భాగాలన్నీ ఉన్నాయి. మడతకు సిద్ధం" అంది పెట్టె.

మడతకి ముందు మంచం అన్ని భాగాలనీ చాపుతుంది, తలాపుతో సహా. అప్ప మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. దూకబోయిన మనిషి దూకలేక పక్కకి దొర్లింది, అప్పటికే మంచం అంచు లేచేసింది. నేను ఆమె జుట్టు, జాకెట్టు, ఏది దొరికితే అది పట్టుకుని లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం. అప్ప చీర చెంగు మంచంతోపాటు గోడలోకి వెళ్లిపోయింది. మెడ దాకా బిగిసింది. పళ్లతో చింపాను.

తర్వాత చాలాసేపు ఇద్దరం లేవలేదు. మా అప్ప వెక్కి వెక్కి ఏడవడం నేను మొదటిసారి చూశాను. ఏడుస్తూనే నన్ను తిట్టింది, జుట్టు ఊడబెరికేశానని.

మధ్యాహ్నం దాలినాయుడు గారు వచ్చారు. ఆయన ఎప్పటిలాగే నిటారుగా నిలబడ్డారు. ముప్పై ఏళ్ల నౌకరీలో ఆయన వంగడం ఎవరూ చూడలేదని అందరం వెక్కిరిస్తుంటాం. కూర్చోమన్నా కూర్చోలేదు. అప్ప మోకాలి వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరికి వేశారు.

"ఉప్పు ఎక్కడికి పోతందో తెలుసేటి నూకరత్నం? మన అంతస్తులో ఎనిమిది మంచాలు ఉప్పు మోత్తన్నాయి."

ఎనిమిది మంచాలంటే ఎనిమిది ఒళ్లలో మోటార్లు. చేతికి, చీలమండకి, భుజానికి. నా ముందు పనిచేసిన ఫిట్టర్లు, నేను, అందరం బిగించినవే. ఎవరికి వాళ్లం ఒంటరి దొంగలమనుకున్నాం.

"పదహారో అంతస్తులో నిన్న ఒకాయన్ని గోడలోంచి తీసినారు. ఆయన కూడా దూకీద్దామనుకున్నట్టున్నాడు. గుండెపోటని రాసినారు."

"మరి పైకి సెప్పరేటి బాబూ?" అని అప్ప అడిగింది.

ఆయన తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నారు. "ఆ మోటార్లు పాతసామాను కింద తీసీసినట్టు సంతకాలు నావే అమ్మా. సెబితే నాకేటవుతాదో నాకు తెలుసు. నాకూ బయ్యంగానే ఉంది." జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టారు. "పేర్లున్నాయి. ఏటి సేత్తావో సెయ్యి. నాను సెయ్యలేను."

ఆయన వెళ్లాక విప్పి చూశాను. పేర్లు ఏడే ఉన్నాయి, అప్పతో కలిపి. ఎనిమిది అన్నారు కదా, వయసు మీద పడి తప్పు లెక్కపెట్టి ఉంటారనుకున్నాను.

ఆ అరలన్నిటికీ వెళ్లి చెప్పి రావచ్చు. రెండు తలుపులు తట్టాను. ఇద్దరూ "మాకేం మోటార్లు? ఎవరు చెప్పారు?" అని తలుపు వేసేశారు. వాళ్లని ఏమీ అనలేను. నేనైనా అదే చేసేదాన్ని. వాళ్ల పెట్టెలూ ఉప్పుని కాదనేసరికి, రేపు ఆరుకి వాళ్లంతా మంచాలెక్కి, సిద్ధం అనే మాట కోసం ఎదురుచూస్తారు.

అప్ప చట్రం పట్టీలు విప్పి, మోకాలు తీసి నా ఒళ్లో పెట్టింది.

"నాది అందరికీ సూపించు. అప్పుడు తలుపులు తీత్తారు."

"నిన్ను కిందికి దించేస్తారు అప్పా."

"దించితే నువ్వూ వత్తావు గదేటి."

వస్తానన్నాను. చెప్పేటప్పుడు పళ్లు టకటకలాడాయి.

పదకొండో రోజు

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా సర్దుకోవాలి. మొదలుపెట్టినప్పుడు కుడి చెయ్యి మీట మీద ఉంది. మిగతాది రాసేటప్పటికి కుడి చెయ్యి మొద్దుబారిపోయింది.

ఆరుకి పది నిమిషాల ముందు మీట కిందికి నొక్కాను. పది రోజుల తర్వాత నొక్కాను కాబట్టి తుప్పు పట్టినట్టు మూలిగింది. అప్ప ఒంటికాలి మీద నా భుజం పట్టుకుని వచ్చి, నడవా మధ్యలో బల్ల మీద కూర్చుని మోకాలు ఒళ్లో పెట్టుకుంది. నేను మీట పక్కనున్న మైకు తీశాను. ఈ మైకులో మాట్లాడితే పై ఆఫీసుకి కూడా వినిపిస్తుంది. తెలిసే తీశాను.

ఏం చెప్పాలో రాత్రంతా అనుకున్నది ఒక్క ముక్క గుర్తు రాలేదు. "నేను నూకరత్నాన్ని" అన్నాను. "మా అప్ప మోకాలికి మంచం మోటారు బిగించింది నేనే. పెట్టె ఆమెని మనిషి అనుకోవడం లేదు. మీలో ఎవరి ఒంట్లో మోటారున్నా దానికి మీరు మనుషులు కారు. మంచం దిగండి. దూకుదామనుకోకండి, దూకనివ్వదు. మీట నా చేతిలో ఉంది. అందరూ గుమ్మంలోకి వచ్చి కేకేసే దాకా వదలను."

ముందు మూడో అర తలుపు తెరుచుకుంది. నిన్న నా ముఖాన తలుపేసినావిడే. మోచేయి బిగుసుకుపోయి చెయ్యి చాచినట్టే ఉంది. అప్ప వైపు, అప్ప ఒళ్లో ఉన్న మోకాలి వైపు చూసింది.

"లెగిసాం" అంది తనలో తను, మళ్లీ గట్టిగా అంది. "లెగిసాం!"

ఆ తర్వాత వరసగా వచ్చాయి. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది. మోటారు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, నిద్రమొహాలతో అందరూ. కాగితంలో ఏడుగురికీ టిక్కు పెట్టాను. కేకలు, మా అరకి అప్ప వేసినదానితో కలిపి, ముప్పై తొమ్మిది. నలభయ్యో అర తలుపు మూసే ఉంది.

అది దాలినాయుడు గారి అర.

ఎనిమిది అన్నారు, ఏడు పేర్లు రాశారు. కూర్చోని మనిషి, వంగని మనిషి. ఇరవై ఏళ్లు ఆయన కింద పనిచేసి, ఆ నడుంలో ఏముందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. పైగా వెక్కిరించాను. ఆ తలుపు లోపలి నుంచి పెట్టె ఆడగొంతు వినిపించింది.

"భాగాలన్నీ ఉన్నాయి. మడతకు సిద్ధం."

మీట మంచాన్ని ఆపుతుంది గానీ భాగాల్ని చాపడాన్ని ఆపదు, మంచం ఆయన్ని చాపి బిగించేసింది. నడుం కదలదు. నా చేతి కింద మీట మాత్రమే ఆయన్ని ఆపుతోంది, ఆ చెయ్యి అప్పటికే నాది కానట్టుంది.

"దాలినాయుడు బాబూ!" అని అప్ప అరిచింది. "ఉన్నారేటి?"

"ఉన్నానమ్మా" అన్నారు లోపల్నుంచి. సన్నగా, పక్కింటి రేడియోలోంచి వచ్చినట్టు. "లెగలేకపోతన్నాను. దూకీగలననుకున్నాను. మీట వదలకమ్మా నూకరత్నం."

ఆయన తలుపు లోపల్నుంచి గడియ పడి ఉంది, దాన్ని కోయడం వచ్చినదాన్ని ఆ నడవాలో నేనొక్కదాన్నే. మీట వదలాలంటే భయం, వదలకపోతే ఆయన అక్కడే. అప్ప బల్ల మీంచి లేచి, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చింది. తన రెండు చేతులూ నా చేతి మీద వేసి, వేళ్లు ఒక్కొక్కటిగా ఊడదీసింది. మీట అంగుళం కూడా లేవలేదు.

"ఎల్లు" అంది. "నిచ్చెన పట్టుకున్న సేతులు, ఇవి వదలవు."

తలుపు కోయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పెట్టె ఆ ఇరవై నిమిషాలూ "సిద్ధం" అంటూనే ఉంది. పైనుంచి లిఫ్టు దిగుతున్న చప్పుడు కూడా వినబడింది, పై ఆఫీసువాళ్లే. ఎవరూ లోపలికి పారిపోలేదు. నలుగురం ఆయన్ని చెక్కని మోసినట్టు మోసుకుంటూ గుమ్మం దాటించి, గోడకి ఆనించి నిలబెట్టాం. ఆయన కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా తల వంచలేకపోయారు. నా కొంగుతో తుడిచాను.

అప్ప రెండు చేతులూ మీట మీదే ఉన్నాయి. నేను పెన్ను తీసి ఆయన వైపు చూశాను. ఆయనకి అర్థమైంది. నడవా అంతటికీ వినబడేలా గొంతు సవరించుకున్నారు.

"లెగిసాను" అన్నారు.

కాగితం అడుగున ఎనిమిదో పేరు రాసి టిక్కు పెట్టాను. అప్పకి తలూపాను. అప్ప మీట వదిలింది.